డాక్టర్ యస్. ఆర్. రంగనాథన్: పని నేర్చుకొని, పని నేర్పిన మనిషి

మహానుభావుల జీవితచరిత్రలు అనగానే మన సావనీర్లలో సాధారణంగా దేశనాయకులో, కవులో, శాస్త్రజ్ఞులో కనిపిస్తారు. వారందరూ వందనీయులే. కాని ఒక విశ్వవిద్యాలయంలో జీతం తీసుకొని పనిచేసిన ఉద్యోగి గురించి, అందునా పుస్తకాలు అందించే ఉద్యోగి గురించి రాసేవాళ్లు అరుదు. ఈసారి నేను ఆ పని చేద్దామనుకున్నాను.

నేను బి.యస్సీ. గణితం చదువుతున్న విద్యార్థిని. మాది వ్యవసాయ కుటుంబం. శ్రీనివాస రామానుజన్ గురించి ఏమైనా చదువుదామని వెతుకుతుంటే 1967లో వచ్చిన ఒక ఇంగ్లీషు జీవితచరిత్ర దొరికింది. రామానుజన్‌ను ఎరిగినవాళ్ల జ్ఞాపకాలు పోగుచేసి రాసిన పుస్తకం అది. రచయిత యస్. ఆర్. రంగనాథన్. ఈయన ఎవరో గణితం ప్రొఫెసరు కాబోలు అనుకున్నాను. విచారిస్తే తెలిసింది, మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడని పేరుపొందిన మనిషి ఈయనే అని. ఆయన మొదట గణితం లెక్చరరే. లెక్కలు చెప్పుకునే పంతులు పుస్తకాల దగ్గరకు ఎట్లా వచ్చాడు అన్నది నాకు మహా ఆసక్తి కలిగించింది.

శియాళి రామామృత రంగనాథన్ 1892 ఆగస్టులో తంజావూరు జిల్లా శియాళి గ్రామంలో జన్మించారు. కావేరి నీళ్లు పారే వరి దేశం అది. తండ్రి రామామృత అయ్యర్ కొద్దిపాటి భూవసతి కలవారు, ఊళ్లో రామాయణ ప్రవచనం చెప్పేవారు. రంగనాథన్‌కు ఆరేళ్లు వచ్చేసరికే తండ్రి పోయారు. తల్లి సీతాలక్ష్మి, తాతగారు, బళ్లో ఉపాధ్యాయులు కలిసి పిల్లవాణ్ణి పైకి తెచ్చారు. చిన్నప్పటి నుంచి ఆయనకు నత్తి ఉండేది. మాట తడబడే పిల్లవాడు మాటలే జీవనోపాధి అయిన అధ్యాపక వృత్తిలోకి రావడం చిన్న విషయం కాదు.

మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో 1913లో బి.ఏ., 1916లో గణితంలో ఎం.ఏ. పూర్తిచేశారు. అక్కడ ఎడ్వర్డ్ బి. రాస్ అనే గణితాచార్యుడు ఆయనకు గురువు. ఆ గురుశిష్య సంబంధం కాలేజీతో ముగియలేదు, జీవితాంతం నడిచింది. ఎం.ఏ. అయ్యాక సైదాపేట టీచర్స్ కాలేజీలో యల్.టి. చేశారు. 1917 నుంచి మంగళూరు, కోయంబత్తూరు, ఆ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలలో గణితం బోధించారు. అంటే పాఠం చెప్పే ముందు పాఠం చెప్పడం ఎట్లాగో నేర్చుకున్నారు. ఈ మాట పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

1923లో మద్రాసు విశ్వవిద్యాలయం వారు గ్రంథపాలకుడు అనే పదవి ఒకటి కొత్తగా సృష్టించి ప్రకటన ఇచ్చారు. దరఖాస్తులు వందల కొద్దీ వచ్చాయి. తమాషా ఏమిటంటే, వచ్చినవారిలో ఆ పనిలో శిక్షణ పొందినవాడు ఒక్కడూ లేడు. దేశంలో అటువంటి శిక్షణ ఇచ్చే చోట్లే దాదాపు లేవు. బరోడా సంస్థానంలో 1911లో బోర్డెన్ అనే అమెరికన్, లాహోరులో 1915లో డికిన్సన్ అనే మరో అమెరికన్ తరగతులు నడిపారు. అంతకు మించి చెప్పుకోదగ్గవి లేవు. రంగనాథన్‌కూ ఆ పదవి మీద పెద్ద మోజేమీ లేదు. తోటివారు బలవంతం చేస్తే దరఖాస్తు పెట్టారు. గ్రంథాలయాల గురించి ఆయనకు ఉన్న పరిజ్ఞానమల్లా ఇంటర్వ్యూకు కొద్దిరోజుల ముందు ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో చదివిన ఒక వ్యాసం. కాని ఆయన గణితంలో కొన్ని పరిశోధన వ్యాసాలు రాసి ఉన్నారు. ఎంపిక సంఘం వారికి అది నచ్చింది. 1924 జనవరి 4న విశ్వవిద్యాలయపు తొలి గ్రంథపాలకుడిగా చేరారు.

చేరిన కొద్ది వారాలకే ఆయనకు ప్రాణం విసిగిపోయింది. నిన్నటిదాకా తరగతి నిండా పిల్లలు, ప్రశ్నలు, జవాబులు, నల్లబల్ల. ఇవ్వాళ చూస్తే నిశ్శబ్దం, దుమ్ము, పుస్తకాలు. వచ్చే మనిషి లేడు, అడిగే మనిషి లేడు. అధికారుల దగ్గరకు పోయి నా లెక్కల ఉద్యోగం నాకు ఇప్పించండి మహాప్రభో అని మొరపెట్టుకున్నారు.

ఇక్కడే విశ్వవిద్యాలయం వారు చేసిన ఒక మంచి పనిని మనం మెచ్చుకోవాలి. నచ్చకపోతే పో అనలేదు, నోరు మూసుకొని కూర్చో అనీ అనలేదు. ఒక ఒప్పందం చేశారు. లండన్ వెళ్లి ఈ పని అక్కడ ఎట్లా చేస్తారో చూసి, నేర్చుకొని రా. వచ్చాక కూడా మనసు ఒప్పకపోతే లెక్చరరు ఉద్యోగం తిరిగి ఇస్తాం అన్నారు. ఉద్యోగి చేతికి పని అప్పజెప్పిన సంస్థ, ఆ పని నేర్పించే బాధ్యత కూడా తనదేనని ఒప్పుకున్నట్టు లెక్క. వంద సంవత్సరాల కిందట జరిగిన ఈ ఒక్క నిర్ణయం వల్ల మన దేశ గ్రంథాలయాల చరిత్రే మలుపు తిరిగింది.

1924లో ఆయన లండన్ యూనివర్సిటీ కాలేజీలోని గ్రంథాలయ విద్యా విభాగంలో చేరారు. అక్కడ బర్విక్ సేయర్స్ అనే ఆయన వర్గీకరణ బోధించేవారు. సేయర్స్ కేవలం పంతులు కాదు, క్రాయిడన్ పట్టణ గ్రంథాలయానికి ముఖ్య అధికారి. పొద్దున పని చేసేవాడే సాయంత్రం పాఠం చెప్పేవాడన్నమాట. ఆయన సలహా మీద రంగనాథన్ ఇంగ్లండులో వందకు పైగా గ్రంథాలయాలు తిరిగి చూశారు. పరీక్షల్లో ఆయనకు వచ్చిన మార్కులు సగటు కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఫస్టు క్లాసు రాలేదని దిగులుపడే మిత్రులకు ఇది ఊరట.

కాని మార్కుల్లో కనబడని మార్పు ఆయనలో వచ్చింది. అక్కడి గ్రంథాలయాల్లో కూలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు అందరూ వచ్చి చదువుకోవడం కళ్లారా చూశారు. పుస్తకం అంటే బీరువాలో దాచే ఆస్తి కాదు, మనుషుల చేతుల్లో తిరగవలసిన పనిముట్టు అని అర్థమైంది. నిశ్శబ్దంగా, విసుగుగా కనిపించిన ఉద్యోగం ఇప్పుడు తరగతి గది కన్నా పెద్ద తరగతి గదిగా కనిపించింది. 1925లో తిరిగి వచ్చాక ఆయన లెక్చరరు ఉద్యోగం మాట ఎత్తలేదు.

లండన్‌లోనే ఇంకో సంగతి జరిగింది. ఒక పెద్ద దుకాణంలో మెకానో అనే ఆటవస్తువు చూశారు. చిల్లులున్న ఇనుప పట్టీలు, చక్రాలు, మరలు ఉంటాయి. వాటినే రకరకాలుగా బిగిస్తే ఒకసారి బండి, ఒకసారి వంతెన, ఇంకోసారి క్రేను తయారవుతుంది. గణితం తెలిసిన బుర్రకు అది చాలు. అప్పటికి అమల్లో ఉన్న డ్యూయీ పద్ధతిలో ప్రతి విషయానికీ ముందే ఒక గూడు కట్టి ఉంచుతారు. కొత్త విషయం వస్తే గూడు ఉండదు. రంగనాథన్ గూళ్లు కట్టడం మానేసి ముక్కలు తయారుచేశారు. ఆ ముక్కలను కలపడానికి కోలన్ గుర్తు వాడారు. అందుకే దానికి కోలన్ వర్గీకరణ అని పేరు వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఓడలో ఉన్న చిన్న గ్రంథాలయం మీదనే తన పద్ధతిని ప్రయోగించి చూశారట. పుస్తకం 1933లో అచ్చయింది.

ఈ పద్ధతి సైన్సు విద్యార్థులకు తేలికగా అర్థమవుతుంది. మా ఇంటి భాషలో చెబుతాను. తంజావూరు జిల్లాలో 1950 ప్రాంతంలో వరి ఆకులకు వచ్చిన తెగులును మందుతో నివారించడం గురించి ఒక పుస్తకం ఉందనుకోండి. ఇందులో పైరు ఒక ముక్క, ఆకు ఒక ముక్క, తెగులు ఒక ముక్క, నివారణ ఒక ముక్క, ఊరు ఒక ముక్క, కాలం ఒక ముక్క. ఏ ముక్కకు ఆ సంకేతం రాసి వరసగా కలిపితే ఆ పుస్తకం చిరునామా తయారు. రేపు వరికి బదులు వేరుశనగ అయితే ఆ ఒక్క ముక్క మార్చుకుంటే చాలు. రసాయనశాస్త్రంలో మూలకాలతో సమ్మేళనాలకు ఫార్ములాలు రాయడం ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే. నిజానికి ఈ పద్ధతి అన్ని గ్రంథాలయాలూ వాడలేదు, మన దేశంలోనే డ్యూయీ పద్ధతి ఎక్కువ నడిచింది. కాని విషయాన్ని ముక్కలుగా విడదీసి మళ్లీ కూర్చే ఆ ఆలోచన ప్రపంచమంతటా వర్గీకరణ చేసేవాళ్లకు దారి చూపింది.

1931లో ఆయన గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు ప్రకటించారు. మొదటి సూత్రం మాటల్లో రూపు కట్టడంలో గురువు రాస్ దొరగారి చెయ్యి ఉంది. వాటి సారాంశం నా మాటల్లో ఇది. పుస్తకాలున్నది వాడుకోవడానికి. చదవాలనుకున్న ఎవడికైనా వాడికి కావలసిన పుస్తకం అందాలి. ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుణ్ణి వెతికిపెట్టాలి. పాఠకుడి కాలం వృథా చేయకూడదు. గ్రంథాలయం పెరుగుతూ ఉండే ప్రాణి వంటిది. చూడటానికి ఇవి మా ఊరి బడిపిల్లలకు కూడా తెలిసే మాటల్లా ఉంటాయి. కాని న్యూటను సూత్రాలు కూడా చూడటానికి అట్లాగే ఉంటాయి కదా! నిజంగా అమలు చెయ్యబోతే తలుపు ఎన్నింటికి తియ్యాలి, బల్ల ఎంత ఎత్తుండాలి, బీరువాకు తాళం వెయ్యాలా వద్దా అనే ప్రతి ప్రశ్నకూ జవాబు వీటిలోంచే వస్తుంది. మద్రాసులో ఆయన పాఠకులను నేరుగా అలమరల మధ్యకు పోనిచ్చారు. 1936లో చేపాక్కంలో, సముద్రతీరాన, ఆ గ్రంథాలయానికి సొంత భవనం వచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తాను నేర్చుకున్నది తనతోనే ఉంచుకోకపోవడం రంగనాథన్ గొప్పతనం. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం ఏర్పడింది, ఆయనే కార్యదర్శి. మరుసటి ఏడాది, అంటే 1929లో, వేసవిలో ఆ సంఘం తరఫున శిక్షణ తరగతులు మొదలుపెట్టారు. 1931లో విశ్వవిద్యాలయం వాటిని తన ఆధ్వర్యంలోకి తీసుకుంది. 1937లో పట్టభద్రులకు ఏడాది డిప్లొమా అయింది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే ఇటువంటి కోర్సు మొదలుపెట్టిందని తెలిసి నాకు గర్వం కలిగింది.

ఆయన బోధన విధానం ఏమిటంటే, ముందు పనిని విడదీయడం. 1935లో గ్రంథాలయ నిర్వహణ మీద రాసిన గ్రంథంలో పుస్తకం ఆర్డరు పెట్టిన దగ్గర నుంచి పాఠకుడి చేతికి వచ్చేదాకా జరిగే ప్రతి చిన్న పనినీ విడివిడిగా రాశారు. ఏ పని ఎవరు చెయ్యాలి, ఏ రిజిస్టరులో రాయాలి, ఎప్పటికి ముగియాలి అన్నీ ఉన్నాయి. తర్వాత ఎంత పనికి ఎంతమంది కావాలో సిబ్బంది సూత్రం ఒకటి కట్టారు. ఏడాదికి చేరే 2000 సంపుటాలకు వర్గీకరణ, కేటలాగు చేసేందుకు ఒక మనిషి, రోజుకు వచ్చే 50 మంది పాఠకులకు పుస్తకాలు వెతకడంలో సాయం చేసేందుకు ఒక మనిషి, ఈ విధంగా ఉంటుంది ఆ లెక్క. పని ఎంతో కొలవకుండా మనిషిని తిట్టడం అన్యాయమని ఆ లెక్క చెబుతుంది. పై అధికారులుగా ఉండేవారికి ఇది మొదటి పాఠం.

మాకు సేద్యంలో ఒక పద్ధతి ఉంది. కొత్త కోడెను ఒంటరిగా నాగలికి కట్టరు. పని తెలిసిన పాత ఎద్దు పక్కన కాడికి కట్టి, మొదట వట్టి కాడితో నడిపించి, తర్వాత మెత్తటి నేలలో నాలుగు సాళ్లు దున్నిస్తారు. అట్లా చెయ్యకుండా ఏకంగా బీడులోకి తోలితే కోడె బెదురుతుంది, మెడ పుండు పడుతుంది, ఆపైన దాన్ని మొండిది అంటారు. పశువుకు చేసే ఈ మాత్రం ఏర్పాటు ఉద్యోగంలో చేరిన మనిషికి చెయ్యకపోవడం వింతగా లేదూ!

ఈ మాట ఊరికే అనడం లేదు. నేను ఇంటర్ చదివిన చోట, పేరెందుకు లెండి, నాలుగు బీరువాల నిండా మంచి పుస్తకాలున్నాయి. నాలుగింటికీ తాళాలే. అద్దంలోంచి చూడటమే. తాళాల గుత్తి దగ్గర కూర్చున్నాయన వేరే సెక్షను నుంచి బదిలీ అయి వచ్చారు. పుస్తకాల పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఒక్కటి మాత్రం చెప్పారు, పుస్తకం పోతే జీతంలో కోత అని. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు, తాళం వేశాడు. మేము ఆయన్ని తిట్టుకున్నాం. రంగనాథన్ జీవితం చదివాక నాకు తెలిసింది, తాళం వేసింది ఆ మనిషి కాదు, ఆ పద్ధతి. పాఠకులను అలమరల దగ్గరకు రానిస్తే కొన్ని పుస్తకాలు పోవడం సహజమనీ, దానికి ఉద్యోగిని బాధ్యుణ్ణి చెయ్యకూడదనీ రంగనాథన్ గట్టిగా వాదించారు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 1957లో ఆయన అధ్యక్షతన వేసిన కమిటీ, శిక్షణ పొందిన గ్రంథపాలకులకు అధ్యాపకులతో సమానమైన హోదా, జీతాలు ఉండాలని సిఫారసు చేసింది.

ఆయన వ్యక్తిగత జీవితం సుఖంగా గడిచిందని చెప్పలేము. మొదటి భార్య రుక్మిణి 1928లో ట్రిప్లికేన్ పార్థసారథి స్వామి కోవెల కోనేట్లో ప్రమాదవశాత్తు మరణించారు. మరుసటి సంవత్సరం శారదగారిని వివాహమాడారు. పెళ్లి జరిగిన రోజు మధ్యాహ్నమే లైబ్రరీకి వచ్చి కూర్చున్నారని చెప్పుకుంటారు. ఇరవై ఏళ్లు సెలవు లేకుండా పనిచేశారంటారు. ఇది చదివి చప్పట్లు కొట్టేవాళ్లు ఉంటారు గాని, ఇంట్లోవాళ్లు ఎంత ఓర్చుకున్నారో కూడా మనం తలచుకోవాలి. తన కింద పనిచేసేవారి నుంచి కూడా ఆయన కఠినంగా పని రాబట్టేవారు. అయితే తాను చెయ్యని పని ఇంకొకరికి చెప్పలేదు.

1944 నాటికి మద్రాసులో ఆయన ఉద్యోగం ముగిసింది. తరువాత 1945లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు బెనారసు హిందూ విశ్వవిద్యాలయానికి పిలిచారు. యాభై దాటిన వయస్సులో, రెండేళ్లలో, సుమారు లక్ష పుస్తకాలను దాదాపు ఒంటిచేత్తో వర్గీకరించారు. 1947లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ గ్రంథాలయ శాస్త్రంలో డిగ్రీలే కాక పి.హెచ్‌డి. కూడా ఏర్పాటైంది. ఆయన పర్యవేక్షణలో డి. బి. కృష్ణారావు గారు 1957లో దేశంలోనే ఈ శాస్త్రంలో మొదటి డాక్టరేటు పొందారు. పరిశోధనాంశం వ్యవసాయ విషయాల వర్గీకరణ! రైతుబిడ్డగా నాకు ఈ సంగతి ఎంత సంతోషమనిపించిందో చెప్పలేను.

విశ్వవిద్యాలయాల గోడల బయట కూడా ఆయన ఆలోచన పనిచేసింది. 1931లో మన్నార్‌గుడి ప్రాంతంలో ఎడ్లబండి మీద పుస్తకాలు పల్లెలకు పోయాయి. మన తెలుగునాట కూడా 1935లో పాటూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువల్లో పడవ గ్రంథాలయం నడిపారు. అయ్యంకి వెంకటరమణయ్య గారి గ్రంథాలయోద్యమం అంతకు ముందునుంచే ఉంది. రంగనాథన్ కృషి ఫలితంగా 1948లో మద్రాసు రాష్ట్రంలో పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతదేశంలో అటువంటి చట్టం అదే మొదటిది. హైదరాబాదు రాష్ట్రంలో 1955లో, ఆంధ్రప్రదేశ్‌లో 1960లో చట్టాలు వచ్చాయి. మా ఊళ్లో ఇంటి పన్నుతోపాటు కట్టే గ్రంథాలయ సెస్సుకు మూలం ఇదే.

తాను కూడబెట్టిన సొమ్ములోంచి లక్ష రూపాయలు 1956లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చి, భార్య శారద పేర గ్రంథాలయ శాస్త్ర ఆచార్య పీఠం ఏర్పాటు చేయించారు. ఉద్యోగం ఇచ్చి, పని నేర్పించిన సంస్థకు అట్లా అప్పు తీర్చుకున్నారు. 1957లో పద్మశ్రీ, 1965లో జాతీయ పరిశోధనాచార్య గౌరవం లభించాయి. 1962లో బెంగుళూరులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ కింద డాక్యుమెంటేషన్ శిక్షణ కేంద్రం స్థాపించారు. డెబ్బయ్యేళ్ల వయస్సులో కూడా ఆయన పెట్టింది శిక్షణ కేంద్రమే! 1972 సెప్టెంబరు 27న బెంగుళూరులో కన్నుమూశారు. ఆయన జ్ఞాపకార్థం ఆగస్టు 12ను మన దేశంలో గ్రంథపాలకుల దినంగా జరుపుకుంటున్నాము.

ఈ జీవితం నుంచి మనం నేర్చుకోవలసింది ఏమిటి? కష్టపడి పని చెయ్యాలని అందరూ చెబుతారు. నాకు తట్టింది వేరు. 1924లో విసుగెత్తి వెనక్కి పోబోయిన మనిషికి ఎవరో ఒకరు పని నేర్పించకపోయి ఉంటే, ఆయన ఒక మంచి లెక్కల మాస్టారుగా మిగిలేవారు. ఇక్కడ మనకు దక్కినదంతా దక్కేది కాదు. మన కాలేజీల్లో లైబ్రరీలో, లేబొరేటరీలో, ఆఫీసులో, హాస్టలులో పనిచేస్తున్నవాళ్లలో ఎంతమంది ఇట్లా విసుగుతో కూర్చొని ఉన్నారో! కార్డులు పోయి కంప్యూటర్లు వచ్చాయి. దాని ముందు కూర్చోబెట్టి నీ తంటాలు నువ్వు పడు అంటే పని జరగదు, మనిషీ మిగలడు. గాజు పరికరం పగిలితే అటెండరుది తప్పంటాము. దాన్ని పట్టుకునే పద్ధతి ఆయనకు ఎవరు చూపించారని అడగము.

కాబట్టి మన విద్యార్థి సంఘం పెద్దలకు నా మనవి ఒకటే. ప్రతి ఏడాదీ మనం ఫీజుల గురించి, హాస్టలు గురించి, బస్సు పాసుల గురించి అర్జీలు పెడతాం. ఈసారి అర్జీలో ఇంకో వాక్యం చేర్చండి. కాలేజీలో కొత్తగా చేరిన ప్రతి ఉద్యోగికీ ఆయన చెయ్యబోయే పనిలో కొద్దిరోజులైనా శిక్షణ ఇవ్వాలని, వారిపై అధికారులకు కూడా పని చేయించడంలో శిక్షణ ఉండాలని అడగండి. ఇది వారి కోసమే కాదు, మన కోసం కూడా. వాళ్లకు పని తెలిస్తేనే మనకు తలుపు తెరుచుకుంటుంది.